మజిలీ రచన: సముద్రతీరంలో కొద్దినాళ్ళు

మునిర్కా దక్షిణ ఢిల్లీలో ఒక పాత గ్రామం. గ్రామమన్న మాట ఇప్పుడు పేరుకే మిగిలినది. టోకస్ వంశపు జాట్ రైతుల పొలాలు నగర విస్తరణలో ప్రభుత్వ నివాసాలకూ, విద్యాసంస్థలకూ పోగా, ఇండ్లున్న మేర మాత్రం లాల్ డోరా అనే ఎర్రగీతకు లోపల నిలిచిపోయినది. ఆ గీత లోపల గృహనిర్మాణానికి నగర నిబంధనలు చాలాకాలం వర్తించలేదు. కనుక ఇండ్లు పక్కలకు పెరిగే వీలులేక పైకి పెరిగినవి. ఒక వైపున 1969లో స్థాపితమైన జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, మరికొంత దూరంలో ఐ.ఐ.టి. ఉండడం చేత ఆ ఇండ్ల పై అంతస్తులన్నీ విద్యార్థుల గదులైనవి. తెలుగువారు, మలయాళీలు, మణిపురీలు, బీహారీలు ఒకే మెట్లు ఎక్కి దిగుతారు. కిటికీ తెరిస్తే ఎదుటి ఇంటి గోడ చేతికి అందుతుంది. వేసవిలో నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలు వరుసదీరే ఇట్లాంటి చోట సముద్రమన్నది ప్రధానంగా పుస్తకాలలో ఉండే వస్తువు. ఇక్కడినుండి కన్యాకుమారికి రైలు మార్గం ఇంచుమించు 2,900 కిలోమీటర్లు.

పరీక్షలు ముగిసిన వారంలో ఈ గదులనుండి వీపున ఒక సంచి తగిలించుకొని బయలుదేరే యువకులు చాలామంది. వారి గమ్యం తరచుగా ఒక సముద్రతీరపు ఊరు: పూరీ కావచ్చు, గోకర్ణం కావచ్చు, భీమునిపట్టణం కావచ్చు. అక్కడ మూడు నాలుగు రోజులు ఉంటారు, చౌకబసలో పడుకొంటారు, సూర్యోదయం చూస్తారు, తిరిగివస్తారు, ఆపైన వ్రాస్తారు. ఈ విధమైన రచన నేడు ఏ భాషలోను కొరతగా లేదు. దానిని సాహిత్యమని ఒప్పుకొనడానికి మాత్రం విమర్శకులు వెనుకాడుతారు. నాలుగు రోజులలో ఒక ఊరు తెలియదనీ, తెలియని దానిని గురించి వ్రాయడం అపరాధమనీ వారి వాదం. ఈ వాదంలో సగం నిజం ఉన్నది. ఊరు తెలియదనడం నిజమే. కాని సాహిత్యానికి కావలసినది ఊరు తెలియడమొక్కటేనా అన్నది ఆలోచించవలసిన విషయం. బస కొద్దిదైనందువల్ల రచన చెడదు. కొద్దిదన్న సంగతిని రచయిత దాచినప్పుడు చెడుతుంది. ఏ ఊరి సముద్రానికైనా ఎదురుగా, తిరుగుప్రయాణపు టికెట్టు లేని మనుష్యులు ఉంటారు. వారి పక్కన నిలబడినప్పుడే వచ్చినవాని బస ఎంత కొద్దిదో తేలుతుంది.

తెలుగు భాష ఈ భేదాన్ని పూర్వమే గుర్తించినది. నిలిచే చోటును బట్టి మూడు మాటలు వాడుకలో ఉన్నవి. విడిది అంటే ఆహ్వానించినవారు చూపే చోటు. పెళ్ళివారికి విడిది ఉంటుంది. బస అంటే డబ్బిచ్చో, పరిచయం వల్లనో సంపాదించుకొన్న చోటు. మజిలీ అంటే దారిలో ఒక పూట ఆగడం. మజిలీకి ముందు ఒక మజిలీ, తరువాత ఒక మజిలీ ఉంటాయి. ఇప్పటి యాత్రికుడు బసలో దిగి విడిదిలో ఉన్నట్లు వ్రాస్తున్నాడు. ఊరంతా తనను ఆహ్వానించినదని అతని భావన. నిజానికి అతడున్నది మజిలీలో.

మజిలీని కథకు మూలంగా చేసికొన్న గ్రంథం తెలుగువారికి ఇంటింటా తెలిసినదే. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ పశులకాపరి బాలుని వెంట తీసికొని పోతాడు. తోడు రావడానికి ఆ బాలుడు పెట్టిన షరతు కథలు చెప్పవలెనన్నది. ప్రతి మజిలీలోను వాడు ఊరు తిరిగి ఏదో ఒక వింత చూచి వచ్చి దాని కారణం అడుగుతాడు. యతి చెబుతాడు. కథల అద్భుతాల సంగతి అట్లా ఉంచి ఈ అమరికను మాత్రం చూడవలె. కొద్దిసేపు ఆగినవానికి వింత కనబడుతుంది గాని కారణం తెలియదు. కారణం మరొకరి నోట వినవలసినదే. ఇంతటి సూటి సూత్రాన్ని పిల్లల వినోదానికి పనికివచ్చే పుస్తకంలో పెట్టి దీక్షితులు ముందుకు సాగిపోయినాడు. పండితులు దానిని పట్టించుకొనలేదు.

తెలుగులో మొదటి యాత్రాగ్రంథంగా పేరుపొందిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రాచరిత్ర కూడ మజిలీల పుస్తకమే. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఈయన 1830 మే 18న బయలుదేరి, కాశీ, గయ, కలకత్తాల మీదుగా జగన్నాథం చేరి, గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం వైపునుండి తూర్పుతీరం వెంబడి దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినాడు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ పూనికతో గ్రంథం 1838లో వెలువడేనాటికి ఆయన జీవించి లేడు. వెంట పెద్ద పరివారం, బోయీలు, డేరాలు ఉన్న ఈ యాత్రికునికీ, ఒంటి సంచితో పోయే మునిర్కా విద్యార్థికీ పోలిక పెట్టడం సాహసమే. అయినా ఒక విషయంలో ఇద్దరూ ఒకటే. ఇద్దరూ దిగిన చోటెల్లా ఖర్చులు, వసతులు, దూరాలు వ్రాసినారు. తేడా ఉద్దేశంలో ఉన్నది. వీరాస్వామయ్య ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ సామాను దొరుకుతుంది, ఏ దారి బండికి పనికిరాదు అన్న సంగతులు వెనుక రాబోయే యాత్రికుల కోసం వ్రాసినాడు. నేటి యాత్రికుడు చాలచోట్ల తాను ఎంత తక్కువలో గడిపినాడో చెప్పుకొనడానికి వ్రాస్తున్నాడు. ఇంటి ముందుగదిని అద్దెకిచ్చి బ్రతికే ఒక ముసలమ్మ దగ్గర వంద రూపాయలు తగ్గించడం అతని గ్రంథంలో ఒక విజయం. ఆ వంద రూపాయలు ఆమె వంటింటిలో ఏమయ్యేవో అతడు అడుగడు. వీరాస్వామయ్య పుటలలో కులగర్వం ఉన్నది, అధికారి దృష్టి ఉన్నది. కాని ఇట్లాంటి అల్పత్వం లేదు.

ఈ విషయంలో నిలబెట్టి పరీక్షింపదగిన రచన హిందీలో ఉన్నది. మోహన్ రాకేశ్ యాత్రాగ్రంథం 'ఆఖిరీ చట్టాన్ తక్', అనగా చివరి రాతిబండ వరకు. రాకేశ్ (1925–1972) అనగానే పాఠకునికి 1958 నాటి 'ఆషాఢ్ కా ఏక్ దిన్', 1969 నాటి 'ఆధే అధూరే' నాటకాలు గుర్తుకు వస్తాయి. కొత్త కథ పేరిట హిందీలో వచ్చిన ఉద్యమానికి ఆయన ప్రముఖుడు. నాటకాల కీర్తి కింద ఈ చిన్న యాత్రాగ్రంథం కొంత మరుగుపడినది. 1953 ప్రాంతాన ఆయన గోవానుండి కన్యాకుమారి వరకు పడమటి తీరం వెంబడి ఒంటరిగా తిరిగినాడు. చివరి అధ్యాయం కన్యాకుమారిని గురించినది. హిందీ పాఠ్యపుస్తకాలలో చేరి ప్రసిద్ధమైనది కూడ అదే.

ఆ అధ్యాయపు నడక ఇది. కేప్ హోటలు ముందున్న స్నానపు కొలను పక్కన, సముద్రంలోనుండి లేచిన నల్లని రాళ్ళలో ఒకదానిమీద రచయిత నిలబడి ఎదుట ఉన్న చివరి బండను చూస్తాడు. అది 1892 డిసెంబరులో వివేకానందుడు ధ్యానం చేసినదిగా ప్రసిద్ధమైన బండ. చూపులో మునిగి తాను ఎవరో, ఎక్కడినుండి వచ్చినాడో మరచిపోతాడు. కొంతసేపటికి తన కాలి కింది రాతిని అలలు చుట్టుముడుతున్నవని తెలిసి భయపడి ఒడ్డుకు దూకుతాడు. సాయంకాలం యాత్రికులంతా సూర్యాస్తమయం కోసం ఒక ఇసుకదిబ్బమీద గుమిగూడుతారు. ఆయనకు అది చాలదు. అడ్డులేని సముద్రం కావలెనని మరొక దిబ్బకు, అక్కడినుండి ఇంకొక దిబ్బకు నడుస్తాడు. సూర్యుడు నీటిని తాకినప్పటినుండి నీటి రంగు బంగారం నుండి నెత్తురుకు, ఊదాకు, నలుపుకు మారడం వర్ణిస్తాడు. తరువాత వెనుదిరిగి చూస్తే చీకటి, దూరం, తన అడుగుజాడలు. తీరం వెంబడి తిరిగివస్తుంటే రంగురంగుల ఇసుక కనబడుతుంది. ఏరుకొనవలెనని కోరిక. కాని ఆటుపోటు పెరిగి నడిచే బాట సన్నమవుతున్నది. ఆ పక్క కొండరాళ్ళు, ఈ పక్క నీరు. రాళ్ళమీదుగా పరుగెత్తి బయటపడతాడు.

పాఠ్యపుస్తకాలవారు, వ్యాఖ్యాతలు ఎక్కువగా మెచ్చినది ఈ సూర్యాస్తమయాన్నే. వర్ణన మంచిదే. దిబ్బ తరువాత దిబ్బకు పోవడంలో ఒక సత్యం కూడ ఉన్నది. కొద్దిగా ఉండే సమయం కలవానికి దృశ్యం ఎప్పుడూ చాలదు, ఇంకొక మెట్టు పైన పూర్తిగా కనబడుతుందన్న ఆశ వదలదు. ఆ ఊరివాడు అన్ని దిబ్బలు ఎక్కడు. రేపు కూడ సూర్యుడు అక్కడనే దిగుతాడని వానికి తెలుసు. కాని రంగుల వరుసను ఎంత నేర్పుతో చెప్పినా అది చాలమంది చెప్పగలిగిన విషయం. రాకేశ్ లేకపోతే పోయేది అది కాదు.

అధ్యాయంలో వేరే రెండు చోట్లున్నవి. ఒకటి చిన్నది. తాను కణ్ణూరులో ఉండి వ్రాసిన ఎనభై తొంభై పుటలు అక్కడి హోటలు బల్ల సొరుగులో మరచివచ్చినానని ఆయనకు గుర్తుకు వస్తుంది. కన్యాకుమారిలో కొన్నాళ్ళుండవలెనన్న తలపు అంతటితో చెదురుతుంది. దేశపు చివరి బండ దగ్గర నిలిచి అనంతాన్ని ఆలోచించే మనిషి వెంటనే బస్సు వేళలు ఆలోచించవలసివచ్చినది. గంభీరమైన దృశ్యం పక్కన ఈ సొరుగును పెట్టడానికి రచయితకు సంకోచం కలగలేదు. గొప్ప యాత్రికునిగా కనబడవలెనన్న కోరిక గలవాడు దీనిని తప్పక కొట్టివేసి ఉండును.

రెండవది ముఖ్యమైనది. మరునాటి ఉదయం మూడు దుంగలు జోడించి కట్టిన తెప్పమీద ఆయన ఆ బండకు పోతాడు. అక్కడ ఒక స్థానిక యువకుడు, పట్టభద్రుడు, ఊరి సంగతి చెబుతాడు. ఎనిమిదివేల జనాభాలో నాలుగైదు వందలమంది చదువుకొన్నవారు పనిలేక ఉన్నారట. వారిలో నూరుగురి వరకు పట్టభద్రులట. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం, కూర్చుండి వాదించుకొనడం వారి పని. చెబుతున్న యువకుడు యాత్రికులకు ఫోటో ఆల్బములు అమ్ముతాడు. తాము ఆలుచిప్పల గుజ్జు తిని తత్త్వసిద్ధాంతాలు చర్చిస్తామనీ, ఈ బండనుండి తమకు కలిగే ప్రేరణ ఆ మాత్రమేననీ అతడంటాడు.

అధ్యాయమంతటిలో అత్యుత్తమమైన మాట రచయితది కాదు, ఈ ఆల్బములమ్మేవానిది. నిన్న సాయంకాలం రచయిత ఏ బండను చూచి తన్ను తాను మరచినాడో, ఆ బండకు ఎదురుగా జన్మించినవాడు దానిని గురించి ఇంత చేదుగా, ఇంత చమత్కారంగా మాట్లాడుతున్నాడు. అతనికి వివేకానందునిమీద ద్వేషం లేదు. ప్రేరణ అన్న మాటను యాత్రికుల నోట విని విని అతడు దానిని తూచినాడు. కాశీమజిలీ బాలుడు చూచిన వింతకు మణిసిద్ధుడు కారణం చెప్పినట్లే, ఇక్కడ యాత్రికుడు చూచిన దృశ్యానికి ఊరివాడు అర్థం చెబుతున్నాడు. ఆ అర్థం దృశ్యాన్ని తగ్గిస్తుంది. రాకేశ్ దానిని అట్లాగే వ్రాసినాడు, దిద్దలేదు, సమాధానం చెప్పలేదు, జాలి కూడ కలపలేదు. ఇది ఆయన నిజాయితీ.

అయితే లోపం కూడ ఇక్కడనే ఉన్నది. సూర్యాస్తమయానికి దొరికిన పుటలు ఈ యువకునికి దొరకలేదు. నాలుగు మాటలలో అతని సంగతి ముగిసి, పాఠకుని చూపు మళ్ళీ వెలుగు వైపు, నీటి వైపు పోతుంది. ఆ నాలుగైదు వందలమందిలో మరొకరి ఇంటికి రచయిత పోయినట్లు లేదు. సమయం లేదనవచ్చును. కాని దిబ్బ తరువాత దిబ్బ ఎక్కడానికి సమయం ఉన్నది గదా అని పాఠకుడు అడిగితే గ్రంథం దగ్గర జవాబు లేదు. కొత్త కథ రచయితగా రాకేశ్ ఇరుకు గదులలోని మధ్యతరగతి మనుష్యుల మౌనాలను అంత నిశితంగా విన్నవాడు. సముద్రం ఎదుటికి వచ్చేసరికి కన్ను చెవిని కొంత అణచివేసినది.

మునిర్కా పాఠకునికి ఈ భాగం మరొక విధంగా అందుతుంది. అక్కడి గదులలో పట్టభద్రులకు కొదవలేదు. పక్కనున్న బేర్ సరాయిలో పోటీపరీక్షల పుస్తకాల అంగళ్ళు వరుసగా ఉన్నవి. దరఖాస్తులు పెట్టడం, కూర్చుండి సిద్ధాంతాలు వాదించుకొనడం ఆ వీధులలో నిత్యకృత్యం. టీ దుకాణం దగ్గర జరిగే చర్చకు ఆలుచిప్పల గుజ్జు ఒక్కటే తక్కువ. కనుక ఆ విద్యార్థి రాకేశ్ గ్రంథం తెరిచి మొదట రచయిత వెంట నడుస్తాడు. తానూ యాత్రికుడే, సంచి వీపుననే ఉన్నది. బండ దగ్గరకు వచ్చేసరికి తన ప్రతిబింబం ఎదుటి మనిషిలో కనబడుతుంది. తన యూరిలో తానూ ఆ ఆల్బములమ్మే యువకుని వంటివాడే కావచ్చును. మునిర్కాలోనూ అతడు నిలకడగా ఉండేవాడు కాడు. ఇంటి యజమాని దృష్టిలో అతడు పదకొండు నెలల ఒప్పందం, నెలనెలా వచ్చే అద్దె. ఆ అద్దె ఇచ్చేవాడు సముద్రతీరానికి పోయినప్పుడు తానే బేరమాడే గిరాకీ అవుతాడు. రెండు వైపులా నిలిచినవాడు వ్రాస్తే రచన భిన్నంగా ఉండవలె. చాలభాగం అట్లా లేకపోవడం ఆశ్చర్యం. మునిర్కా మెట్లమీద నేర్చిన చూపును ఆ యువకులు రైలు ఎక్కేటప్పుడు గదిలోనే వదలిపోతున్నట్లు కనబడుతుంది.

చీకటిదిబ్బల మీది నడక విషయంలో కూడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఒంటరిగా, పొద్దుగుంకిన తరువాత, ఎవరూ లేని ఇసుకమీద నడిచి ఆ ఏకాంతాన్ని అనుభవించడం ఆ అధ్యాయానికి ప్రాణం. రచయితకు భయం నీటివల్ల కలిగినది. మనుష్యులవల్ల కలగలేదు. 2012 డిసెంబరు 16 రాత్రి ఒక విద్యార్థిని బస్సు ఎక్కినది మునిర్కా బస్ స్టాపులోనే. ఆ తరువాత జరిగిన ఘోరం దేశమంతా ఎరుగును, దానివల్ల 2013లో చట్టమే మారినది. ఆ వీధులలో నివసించే యువతి రాకేశ్ పుటను చదువుతున్నప్పుడు మొదటి దిబ్బ దగ్గరనే ఆగుతుంది. ఆ గుంపు ఆయనకు విసుగు, ఆమెకు రక్షణ. ఇది రాకేశ్ దోషం కాదు. కాని ఏకాంతం యాత్రికులందరికీ సమానంగా దొరికే వస్తువన్నట్లు వ్రాసే సంప్రదాయంలో ఆయన రచన ఒకటన్నది గుర్తించవలె. నేడు ఒంటరిగా సంచి తగిలించుకొని పోయే స్త్రీలు వ్రాస్తున్న యాత్రారచనలలో దీపాలున్న దారి ఎక్కడివరకు ఉన్నది, బస తలుపు గడియ ఎట్లా ఉన్నది అన్న వివరాలు తరచుగా కనబడతాయి. వాటిని అల్పవిషయాలనుకొనే విమర్శకుడు వీరాస్వామయ్య నీటిబావుల లెక్కను కూడ అల్పవిషయమే అనవలసివస్తుంది. వెనుక వచ్చేవారి కోసం వ్రాసే పద్ధతి ఇక్కడ తిరిగి ప్రాణం పోసికొన్నది.

సముద్రతీరంలో కొద్దినాళ్ళ బసను గురించి ప్రపంచసాహిత్యంలో అందరికీ తెలిసిన రచన చెహోవ్ కథ, కుక్కపిల్లతో తిరిగే స్త్రీని గురించినది. 1899లో వెలువడినది. యాల్టాకు విశ్రాంతికై వచ్చిన ఇద్దరు పరిచితులై, విడిపోయి, విడిపోలేకపోవడం కథ. ఇందులో ఒక విశేషం తరచుగా మరుగున పడుతుంది. క్షయవ్యాధి వల్ల చెహోవ్ యాల్టాలో ఇల్లు కట్టుకొని నివసించవలసివచ్చినవాడు. అంటే ఈ కథ వచ్చిపోయేవాడు వ్రాసినది కాదు, పోలేనివాడు వచ్చిపోయేవారిని చూచి వ్రాసినది. ఓరియాండా దగ్గర ఆ ఇద్దరూ కూర్చుండి వినే సముద్రఘోష వారికి ముందూ ఉన్నది, వారి తరువాతా ఉంటుందన్న చోట ఆ దృష్టి తెలుస్తుంది. అలల శబ్దాన్ని వదలి పోలేనివానికే అట్టి నిర్లిప్తత సాధ్యం. రాకేశ్ కన్యాకుమారిలో అట్టి నిర్లిప్తత లేదు, ఉండనవసరం లేదు. అక్కడ ఉన్నది తత్తరపాటు, అందుకొనవలెనన్న ఆరాటం, బస్సు వేళ. మజిలీ రచనకు అవే తగిన ధ్వనులు. చెహోవ్ గాంభీర్యాన్ని మూడు రోజుల యాత్రికుడు అరువు తెచ్చుకొన్నప్పుడు వినబడే బోలుశబ్దం నేటి పత్రికలలో విరివిగా ఉన్నది.

రాకేశ్ చూచిన కన్యాకుమారి తరువాత చాలా మారినది. ఆయన పోయినప్పుడు అది తిరువాన్కూరు-కొచ్చి రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న, తెలుగువారికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన దినాననే, కన్యాకుమారి జిల్లా మద్రాసు రాష్ట్రంలో చేరినది. 1970లో బండమీద వివేకానంద స్మారకమందిరం వెలసినది. పక్క బండమీద 133 అడుగుల తిరువళ్ళువరు విగ్రహం 2000 జనవరి 1న ఆవిష్కృతమైనది. ఇప్పుడు యాత్రికులు వరుసలో నిలబడి లాంచీ ఎక్కి పోతారు. దుంగల తెప్ప ఆ పుటలలోనే మిగిలినది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు బండమీద చిక్కుకొన్న యాత్రికులను ఆ తరువాత ఒడ్డుకు చేర్చవలసివచ్చినది. ఆ జిల్లా తీరంలోని మత్స్యకారుల పల్లెలలో వందలమంది మరణించినారు. ఆ దినం తరువాత రాకేశ్ ఆటుపోటు ఘట్టాన్ని మునుపటి వలె చదవడం కష్టం. నీరు పెరుగుతున్నప్పుడు ఆయన రంగుల ఇసుక ఏరుకొనవలెనా, పరుగెత్తవలెనా అని తటపటాయించిన కొద్ది నిమిషాలు ఒక యాత్రికుని సాహసంగా వ్రాయబడినవి. ఆ తీరాననే ఇల్లున్నవారికి అట్టి తటపటాయింపుకు వ్యవధి లేకపోయినది. రచన అప్పటిది, చదువరి ఇప్పటివాడు. ఈ ఎడం రచయిత పెట్టినది కాకపోయినా పుటలో ఉన్నది.

తెలుగులోనికి ఈ అధ్యాయాన్ని తెచ్చేవారు సూర్యాస్తమయపు విశేషణాలతో ఎక్కువ శ్రమపడడం సహజం. ఊదా, అరుణం, స్వర్ణం మొదలైన మాటలకు తెలుగులో కొరత లేదు. కష్టమైనది ఆ యువకుని వాక్యం. ఆలుచిప్పల గుజ్జు పక్కన తత్త్వసిద్ధాంతం పడవలె, రెండూ ఒకే ఊపిరిలో రావలె, నవ్వు వినబడవలె, నవ్వినట్లు ఉండకూడదు. దానికి గ్రంథభాష చాలదు. ఊరి చివర టీ దుకాణం దగ్గర చదువుకొన్న కుర్రవాడు పెద్దమనిషితో మాట్లాడే మర్యాదతో కూడిన వెటకారం కావలె. జనాభా అంకెలను కూడ వదలకూడదు. ఎనిమిదివేలు, నాలుగైదు వందలు, నూరు అన్న ఆ లెక్క ఆ యువకుడు ఎన్నిమార్లో వేసికొన్న లెక్కవలె వినబడుతుంది.

అతని పేరు ఆ పుటలలో లేదు. రాకేశ్ సొరుగులోని కాగితాల కోసం కణ్ణూరుకు తిరిగి పోవలసి ఉన్నది. మర్నాడు మరొక బస్సు వస్తుంది, దాని దగ్గర ఆల్బములు పట్టుకొని ఆ యువకుడు నిలబడి ఉంటాడు.